పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ స్థానాలకు దరఖాస్తు చేసే పద్ధతి: నల్లగొండ, పాలమూరు విద్యార్థుల కోసం

నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయంలోనో ఎమ్మెస్సీ ముగించినవారు, జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కళాశాలల్లో బీటెక్, ఎంటెక్ చదివినవారు పరిశోధన వైపు వెళ్లాలనుకున్నప్పుడు ముందుగా అడిగేది ‘నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది’ అనే. అడగవలసిన ప్రశ్నే గానీ, దానికంటే ముందు తెలుసుకోవలసినవి మూడు ఉన్నాయి. పరిశోధన స్థానం వెనుక ఒక నిర్దిష్టమైన సమస్య ఉంటుంది, ఆ సమస్యపై పనిచేస్తున్న గైడ్ ఉంటారు, ఆ పనికి ఫెలోషిప్‌గానో జీతంగానో డబ్బు చెల్లించే నిధి ఉంటుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెలియకుండా చేరినా రెండో ఏడాదికల్లా ఇబ్బంది మొదలవుతుంది. అందువల్ల ఈ మూడింటినీ ముందే ఎలా తెలుసుకోవాలో, తెలుసుకున్నదాన్ని దరఖాస్తులో ఎలా చూపించాలో వివరంగా చెబుతాను.

ఏ ప్రకటన దేనికి

ప్రకటనల్లో కనిపించే పేర్లు ఒకేలా ఉన్నా వాటి అర్థాలు వేరు. మొదటిది, విశ్వవిద్యాలయం ఏడాదికి ఒకటి రెండు విడతలుగా ఇచ్చే పీహెచ్‌డీ ప్రవేశ ప్రకటన. ఇందులో ఎంపికైతే మీరు నేరుగా పీహెచ్‌డీ విద్యార్థి అవుతారు. అయితే ప్రవేశం దొరికినంత మాత్రాన ఫెలోషిప్ దొరికినట్టు కాదు. ఐఐటీ హైదరాబాద్, ఎన్‌ఐటీ వరంగల్ వంటి కేంద్ర సంస్థల్లో పూర్తికాల విద్యార్థులకు సాధారణంగా సంస్థే ఫెలోషిప్ ఇస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మాత్రం జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వంటిది మీరే సంపాదించుకుని వెళ్లవలసిన సందర్భాలు ఎక్కువ.

రెండోది, ఒక ప్రొఫెసర్ తనకు మంజూరైన ప్రాజెక్టు కోసం ఇచ్చే జేఆర్‌ఎఫ్ ప్రకటన. ఇక్కడే మన విద్యార్థులు ఎక్కువగా పొరబడుతున్నారు. జాతీయ అర్హత పరీక్ష (నెట్) ద్వారా వచ్చే జేఆర్‌ఎఫ్ మీ పేరు మీద మంజూరయ్యే ఫెలోషిప్, ఐదేళ్ల వరకు మీ వెంట ఉంటుంది. ప్రాజెక్టు జేఆర్‌ఎఫ్ మాత్రం ఆ ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఉండే తాత్కాలిక నియామకం. ప్రాజెక్టు గడువు మూడేళ్లు అయి, అందులో ఒక ఏడాది అప్పటికే గడిచిపోయి ఉంటే, మీకు మిగిలేది రెండేళ్లే. పైగా ప్రాజెక్టులో చేరినవారికి పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ దానంతట అది రాదు, ప్రవేశ ప్రక్రియ విడిగా పూర్తి చేయాలి. కాబట్టి ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడగాలా’ అన్నప్పుడు, ప్రాజెక్టు ఏ నెలలో ముగుస్తుందో, పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్‌కు అవకాశం ఉందో లేదో మర్యాదగా అడిగి తెలుసుకోండి. ఆ ప్రశ్న అడిగారని ఎవరూ తప్పుపట్టరు.

2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత సీనియర్ స్థాయికి ఎదిగితే 42,000 రూపాయలు చెల్లిస్తారు. పీహెచ్‌డీ పూర్తయినవారికి ప్రాజెక్టుల్లో ఇచ్చే రీసెర్చ్ అసోసియేట్ స్థానాలకు అనుభవాన్ని బట్టి 58,000, 61,000, 67,000 రూపాయల చొప్పున మూడు మెట్లు ఉన్నాయి. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం, అది నగరాన్ని బట్టి మారుతుంది. ఒక ప్రాజెక్టు ప్రకటనలో ఇంతకంటే చాలా తక్కువ మొత్తం కనిపిస్తే, ఆ నిధి ఎవరు ఇస్తున్నారో చూడండి. నెట్, గేట్ అర్హత లేనివారిని ప్రాజెక్ట్ అసిస్టెంట్ వంటి పేర్లతో తక్కువ మొత్తానికి తీసుకునే పద్ధతి కూడా ఉంది.

ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవారికి పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఉంది. దీనికి పనిచేసే సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తప్పనిసరి. పార్ట్‌టైమ్‌గా చదవడానికి సంస్థ అనుమతిస్తున్నదని, ఉద్యోగ బాధ్యతలు పరిశోధనకు తగిన సమయం మిగులుస్తాయని, కోర్సువర్క్ (పీహెచ్‌డీ మొదట్లో చదివి పరీక్ష రాయవలసిన పాఠాలు) కోసం అవసరమైతే విధుల నుంచి విడుదల చేస్తామని ఆ పత్రంలో ఉండాలి. దేవరకొండలోనో, వనపర్తిలోనో అధ్యాపకులుగా ఉన్నవారు వారానికి ఎన్నిసార్లు హైదరాబాద్ వెళ్లిరాగలరో నిజాయితీగా లెక్కవేసుకున్న తర్వాతే ఈ దారి ఎంచుకోవాలి. ప్రయోగశాల అవసరమయ్యే అంశాల్లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చాలా కష్టమని నా అభిప్రాయం.

అర్హతలు, పరీక్షలు, పత్రాలు

రాష్ట్ర, కేంద్ర విశ్వవిద్యాలయాలకు 2022 నవంబర్‌లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనలు వర్తిస్తాయి. వాటి ప్రకారం పీజీలో 55 శాతం మార్కులుండాలి. నాలుగేళ్ల డిగ్రీ చేసినవారు, అంటే బీటెక్ పట్టభద్రులు కూడా, 75 శాతం ఉంటే పీజీ లేకుండానే అర్హులవుతారు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. కోర్సువర్క్‌తో కలిపి కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠ కాలం ఆరేళ్లు. ఆ పైన రెండేళ్లు పొడిగింపు ఇవ్వవచ్చు. మహిళలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల వెసులుబాటు ఉంది. మహిళలకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు కూడా ఈ నిబంధనల్లోనే ఉంది. పెళ్లయిందనో, పిల్లలు చిన్నవారనో వెనక్కి తగ్గుతున్న ఆడపిల్లల ఇళ్లలో ఈ విషయం తప్పక చెప్పాలి. ఐఐటీలు, ఎన్‌ఐటీలు తమ సెనేట్ ఆమోదించిన సొంత నియమాలను అనుసరిస్తాయి కాబట్టి వాటి ప్రకటనను విడిగా చదవాలి.

పరీక్షల సంగతికి వస్తే, రసాయన, భౌతిక, గణిత, జీవ, భూశాస్త్రాలవారికి సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్, ఇంజినీరింగ్‌వారికి గేట్ ప్రధానం. 2024 జూన్ నుంచి నెట్ ఫలితాలను మూడు తరగతులుగా ఇస్తున్నారు. మొదటి తరగతికి జేఆర్‌ఎఫ్ వస్తుంది. రెండో తరగతివారికి అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం దక్కుతాయి. మూడో తరగతివారికి పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. రెండు, మూడు తరగతులవారి స్కోరు ప్రవేశానికి ఏడాది మాత్రమే చెల్లుతుంది, ప్రవేశ ఎంపికలో 70 శాతం స్కోరుకు, 30 శాతం ఇంటర్వ్యూకు వెయిటేజీ ఉంటుంది. గేట్ స్కోరు మాత్రం మూడేళ్లు చెల్లుతుంది, బీటెక్ మూడో ఏడాదిలోనే రాయవచ్చు. మూడో ఏడాదిలో ఒకసారి రాసి చూడడం మంచిదని నేను గట్టిగా చెబుతాను. ఆ అలవాటు వల్ల నాలుగో ఏడాదిలో భయం తగ్గుతుంది.

మన రెండు జిల్లా విశ్వవిద్యాలయాల విద్యార్థులు పెద్దగా పట్టించుకోని అవకాశం ఇంకొకటుంది. విశ్వవిద్యాలయ స్థాయిలో ఎమ్మెస్సీ వంటి పీజీ కోర్సుల్లో ప్రథమ ర్యాంకు సాధించినవారు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. పెద్ద నగరంలోని పాత విశ్వవిద్యాలయంలో వచ్చిన మొదటి ర్యాంకుకైనా, నల్లగొండ విశ్వవిద్యాలయపు అన్నెపర్తి క్యాంపస్‌లో వచ్చిన మొదటి ర్యాంకుకైనా ఇక్కడ అర్హత ఒక్కటే. వయోపరిమితి ఉంది కాబట్టి ర్యాంకు వచ్చిన వెంటనే పరీక్షల విభాగం నుంచి ర్యాంకు ధ్రువపత్రం తీసుకోవాలి.

పత్రాల దగ్గర ఆగిపోయే దరఖాస్తులు చాలా ఉంటాయి. కేంద్ర సంస్థలకు రాష్ట్ర నమూనాలోని కుల ధ్రువీకరణ పనికిరాదు, కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ పత్రం కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు కాబట్టి ముందు ఆ జాబితాలో మీ కులం పేరు ఉందో లేదో చూసుకోవాలి. ఈ పత్రం, ఈడబ్ల్యూఎస్ పత్రం ఆదాయంతో ముడిపడినవి కాబట్టి ప్రస్తుత ఆర్థిక సంవత్సరానివే అడుగుతారు. మీసేవలో దరఖాస్తు చేసిన తర్వాత తహసీల్దార్ కార్యాలయంలో విచారణ పూర్తయి చేతికి రావడానికి సమయం పడుతుంది. ప్రకటన వచ్చాక మొదలుపెడితే గడువు దాటిపోవచ్చు. అలాగే సీజీపీఏను శాతంగా మార్చేటప్పుడు నేరుగా పదితో గుణించవద్దు. మీ విశ్వవిద్యాలయం తన రెగ్యులేషన్‌లో ఇచ్చిన సూత్రాన్నే వాడి, ఆ పేజీని దరఖాస్తుకు జతచేయండి.

గైడ్‌ను ఎంచుకోవడం

ఐదేళ్లపాటు మీ పనిని, కొంతవరకు మీ మనశ్శాంతిని నిర్ణయించేది గైడే. అయినా మనవారు సంస్థ పేరు చూసినంత శ్రద్ధగా గైడ్‌ను చూడరు. ముందు వారి శాఖ వెబ్‌సైట్‌కు వెళ్లి, గత మూడేళ్లలో ఆయనో ఆమో ప్రచురించిన వ్యాసాలను చూడండి. పదేళ్ల కింద చేసిన పని వారికి పేరు తెచ్చి ఉండవచ్చు, కానీ ఇప్పుడు వారి ప్రయోగశాలలో నడుస్తున్నది మరొకటి కావచ్చు. తర్వాత శోధ్‌గంగలో వారి పేరుతో వెతకండి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఈ భాండాగారంలో దేశంలోని విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉచితంగా చదవడానికి దొరుకుతాయి. ఒక గైడ్ కింద వచ్చిన రెండు మూడు థీసిస్‌లను తిరగేస్తే, విద్యార్థి ఎప్పుడు చేరాడో, ఎప్పుడు సమర్పించాడో, ఏ పరికరాలు వాడాడో, ఆ పరికరాలు అదే శాఖలో ఉన్నాయో బయటి సంస్థలకు నమూనాలు పంపించాడో అన్నీ బయటపడతాయి. కృతజ్ఞతల పేజీ కూడా చదవండి. ఎవరెవరు సాయం చేశారో అక్కడ రాసి ఉంటుంది.

యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఒకే సమయంలో ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్‌గా ఉండరాదు. పదవీ విరమణకు మూడేళ్లకంటే తక్కువ సమయం ఉన్నవారు కొత్త విద్యార్థులను తీసుకోకూడదు. అందువల్ల మీకు నచ్చిన గైడ్ దగ్గర ఖాళీ ఉందో లేదో ముందే తెలుసుకోవాలి. చేరిన ప్రతి విద్యార్థికి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉంటుంది, ప్రతి సెమిస్టర్‌లో దాని ముందు పురోగతి చెప్పాలి. గైడ్‌తో అభిప్రాయభేదం వస్తే మాట్లాడవలసిన మొదటి చోటు ఆ కమిటీయే.

అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రస్తుతం ఆ ప్రయోగశాలలో ఉన్న ఒక విద్యార్థితో మాట్లాడడం. మనవైపు నుంచి అక్కడ చదువుతున్నవారు ఎవరో ఒకరు ఉంటారు. కళాశాలలోని సీనియర్లను అడిగితే నంబరు దొరుకుతుంది. ‘అన్నా, సార్ వారానికి ఎన్నిసార్లు కలుస్తారు, రాసిన పేపర్ ఎన్నాళ్లకు చూసిస్తారు, ఫెలోషిప్ నెలనెలా పడుతుందా’ అని ఆ మూడింటినీ సూటిగా అడగండి. మంచివారా కాదా అని అడిగితే మంచివారే అంటారు, దానివల్ల మీకు తెలిసేదేమీ ఉండదు.

చదవడానికి డబ్బు కట్టాలేమో అన్న భయం ఇప్పుడు కొంత తగ్గింది. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల విద్యార్థులకు 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పరిశోధన పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నవారు గ్రంథాలయాధికారిని అడిగి లాగిన్ తీసుకోవాలి. ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలు ప్రస్తుతం దీని పరిధిలో లేవు. అక్కడివారు వ్యాస రచయితకే మెయిల్ పంపి ప్రతి అడగవచ్చు. చాలామంది రచయితలు సంతోషంగా పంపిస్తారు.

పరిశోధన ప్రతిపాదన

దరఖాస్తులో ఎంపికను తేల్చే పత్రం ఇదే, మన విద్యార్థులు అన్నిటికంటే తక్కువ సమయం పెట్టేదీ దీనిమీదే. సాధారణంగా రెండు మూడు పేజీలు అడుగుతారు. అందులో సమస్య, ఇప్పటివరకు ఎవరేం చేశారు, ఇంకా తేలని ప్రశ్న ఏది, దాన్ని ఏ పద్ధతిలో తేలుస్తారు అన్న నాలుగూ ఉండాలి. ఒక ఉదాహరణతో చూద్దాం.

నల్లగొండ విద్యార్థి ఒకరు తాగునీటిలోని ఫ్లోరైడ్‌పై పరిశోధన చేయాలనుకున్నారనుకోండి. ఎక్కువ ప్రతిపాదనలు ఇలా మొదలవుతాయి: ‘నీరు మానవ జీవితానికి అత్యవసరం. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ సమస్యతో బాధపడుతోంది. నానో పదార్థాలను ఉపయోగించి ఫ్లోరైడ్‌ను తొలగించే చవకైన విధానాన్ని కనుగొనడం నా లక్ష్యం.’ ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ దీన్ని చదివిన ప్రొఫెసర్‌కు, రాసినవారు ఈ విషయంలో ఎంతదూరం చదివారో తెలియదు. ఏ జిల్లా పేరైనా పెట్టి ఇదే వాక్యాలు రాయవచ్చు.

అదే విషయాన్ని ఇలా రాయవచ్చు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన జిల్లాలో గ్రానైటు శిలల మధ్య నిలిచే భూగర్భ జలంలో ఆ పరిమితి దాటిన బావులు, బోర్లు చాలా ఉన్నాయి. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించి, ఈ జిల్లా పేరే పెట్టిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, మడ్డిని అడుగుకు దించి, పై నీటిని వడకడతారు. చవకైనదే గానీ, అల్యూమినియం ఉన్న మడ్డి మిగులుతుంది, మోతాదు సరిగ్గా కుదరకపోతే శుద్ధిచేసిన నీటిలోనూ అల్యూమినియం ఉండిపోతుంది. ఆ తర్వాత వచ్చిన అధిశోషక పదార్థాల్లో (ఫ్లోరైడ్‌ను తమ ఉపరితలంపై పట్టి ఉంచేవాటిలో) చాలావాటిని ప్రయోగశాలలో శుద్ధజలానికి సోడియం ఫ్లోరైడ్ కలిపి పరీక్షించారు. మన బోరునీటిలో బైకార్బొనేట్ ఎక్కువ. అది నీటి పీహెచ్‌ను పెంచుతుంది, పదార్థం ఉపరితలంపై ఫ్లోరైడ్‌తో పోటీపడుతుంది. కాబట్టి ‘మర్రిగూడ, మునుగోడు మండలాల బోరునీటిలోనే పరీక్షిస్తే ఫలానా పదార్థం సామర్థ్యం ఎంత తగ్గుతుంది, ఎన్నిసార్లు పునరుద్ధరించి వాడవచ్చు’ అన్నది పరిశోధన ప్రశ్న అవుతుంది.

ఈ రెండో ప్రతిపాదనలో కొత్త ఆవిష్కరణ ఏదీ లేదు. అయినా రాసినవారు చదివారని, ప్రశ్నను కొలవగలిగే స్థాయికి కుదించారని, తమ ఊరి నీటిని వారికంటే బాగా ఎరిగిన అభ్యర్థి దొరకరని అది చెబుతుంది. మిషన్ భగీరథ ద్వారా నదీజలం వస్తున్నప్పుడు ఈ ప్రశ్న ఇంకా అవసరమా అని ఇంటర్వ్యూలో అడగవచ్చు. దానికి సమాధానం కూడా ప్రతిపాదనలోనే ఒక వాక్యంలో ఉండాలి. ఉదాహరణకు, వ్యవసాయ బావుల దగ్గర కూలీలు ఏ నీరు తాగుతున్నారో సర్వే చేస్తామని రాయవచ్చు.

సివిల్ ఇంజినీరింగ్ వారికి మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊక బూడిద ఇలాంటిదే. సిమెంటులో బూడిద కలిపితే బలం పెరుగుతుందని రాయడం సరిపోదు. ఊకను ఏ ఉష్ణోగ్రత వద్ద కాల్చారన్నదాన్ని బట్టి అందులోని సిలికా స్ఫటికంగా మారుతుందో లేదో తేలుతుంది. మరీ ఎక్కువ వేడిలో కాలిన బూడిద సున్నంతో సరిగ్గా చర్య జరపదు. మిల్లు బాయిలర్ల నుంచి వచ్చే బూడిద ఒక్కో మిల్లుకు ఒక్కోలా ఉంటే దాన్ని ఎలా వర్గీకరించాలి అన్నది నిజమైన ప్రశ్న. మన ప్రాంతపు సమస్యనే ఎంచుకోవాలన్న నియమం ఏదీ లేదు. సెమీకండక్టర్లపైనో, సంకేతాల విశ్లేషణపైనో పనిచేయాలనుకునేవారు కూడా సమస్యను ఇదే విధంగా కుదించి చూపాలి.

గైడ్‌కు రాసే మెయిల్

ప్రవేశ ప్రకటనకు ముందే ప్రొఫెసర్‌కు మెయిల్ రాయడం చాలాచోట్ల ఆమోదించిన పద్ధతే. ఆ మెయిల్ పదిహేను వాక్యాలకు మించకూడదు. మొదటి వాక్యంలో మీరెవరో, ఏ చదువు ఎక్కడ పూర్తిచేశారో చెప్పాలి. తర్వాత వారి ఇటీవలి వ్యాసాల్లో ఏది చదివారో, అందులో మీకు ఆసక్తి కలిగించిన అంశం ఏదో రెండు మూడు వాక్యాల్లో రాయాలి. వ్యాసం పేరు మాత్రమే ప్రస్తావించి వదిలేస్తే చదవలేదని తెలిసిపోతుంది. ఆపైన మీ ప్రాజెక్టులో మీ చేతులతో చేసిన పని, నెట్ లేదా గేట్ స్కోరు, ఫెలోషిప్ ఉందా లేదా అన్నది చెప్పి, బయోడేటా జతచేయాలి. ఒకే మెయిల్‌ను యాభై మందికి పంపితే ఒక్కరూ స్పందించరు. రెండు వారాలైనా జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయవచ్చు, అంతకు మించి వద్దు.

సిఫారసు లేఖలు రాసే అధ్యాపకులకు కనీసం మూడు వారాల ముందు చెప్పాలి. వారికి మీ ప్రాజెక్టు నివేదిక, మార్కుల జాబితా, దరఖాస్తు చేస్తున్న సంస్థల పేర్లు ఒకే ఫైల్‌లో ఇవ్వండి. ‘నువ్వే రాసుకుని తీసుకురా, సంతకం పెడతాను’ అనే అధ్యాపకుల లేఖకంటే, మిమ్మల్ని ప్రయోగశాలలో దగ్గరుండి చూసిన చిన్న హోదాలోని అధ్యాపకుల లేఖకే విలువ ఎక్కువ.

ఇంటర్వ్యూ

ఇంటర్వ్యూ బోర్డు మొదట అడిగేది మీ పీజీ ప్రాజెక్టు గురించి, రెండోది దాని కింద ఉన్న ప్రాథమిక సూత్రాల గురించి. ఫ్లోరైడ్ ఉదాహరణనే తీసుకుంటే, ‘ఫ్లోరైడ్‌ను ఎలా కొలిచారు’ అన్న ప్రశ్నకు అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో అని చెబుతారు. వెంటనే ‘టైసాబ్ ద్రావణం ఎందుకు కలుపుతారు’ అని అడుగుతారు. నమూనాలన్నిటిలో అయానిక బలం ఒకేలా ఉండేందుకు, పీహెచ్‌ను అయిదు, అయిదున్నర దగ్గర నిలిపేందుకు, ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఉన్న అల్యూమినియం, ఇనుము అయాన్లను విడదీసేందుకు అని చెప్పగలిగితే, ఆ పని మీరే చేశారని వారికి నమ్మకం కుదురుతుంది. ల్యాబ్ అసిస్టెంట్ చేసిపెట్టిన కొలతలతో ప్రాజెక్టు ముగించినవారు ఇక్కడ ఆగిపోతారు. ఇంటర్వ్యూకు ముందు మీ ప్రాజెక్టులోని ప్రతి రసాయనం, ప్రతి పరికరం, ప్రతి సమీకరణం ఎందుకు వాడారో ఒక కాగితం మీద రాసుకోండి.

ఇంగ్లిష్ ధారాళంగా రాదన్న బెంగ తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థుల్లో చాలా ఎక్కువ. చిన్న చిన్న వాక్యాల్లో, నిదానంగా, బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినా సరిపోతుంది. పరిశోధన ఇంటర్వ్యూలో విషయం స్పష్టంగా ఉందా లేదా అన్నదే చూస్తారు. తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పి, ఎలా ఆలోచిస్తారో వివరించడం ఊహించి చెప్పడం కంటే చాలా మేలు.

విదేశీ సాంకేతిక విశ్వవిద్యాలయాలు

యూరప్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ స్థానం చాలావరకు ఉద్యోగమే. నెదర్లాండ్స్‌లో ఎక్కువ మంది పీహెచ్‌డీ అభ్యర్థులు నాలుగేళ్ల ఒప్పందంపై విశ్వవిద్యాలయ ఉద్యోగులుగా ఉంటారు. స్వీడన్‌లో నాలుగేళ్ల పూర్తికాల పరిశోధనకు ఇరవై శాతం వరకు బోధన పని జోడించి ఐదేళ్లకు పొడిగిస్తారు. జర్మనీ ప్రకటనల్లో టీవీ-ఎల్ 13 అన్న వేతనశ్రేణి, పక్కన 50, 65, 75, 100 శాతాల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఆ శాతం మీకు వచ్చే జీతం భాగాన్ని సూచిస్తుంది కాబట్టి దాన్ని చూడకుండా అంగీకరించవద్దు. ఈ స్థానాలకు సాధారణంగా మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. దరఖాస్తును మెయిల్‌లో కాకుండా విశ్వవిద్యాలయ పోర్టల్‌లో, గడువులోగా, వారు అడిగిన పత్రాలతోనే పంపాలి. యూరప్ అంతటి ప్రకటనలు యూరాక్సెస్ పోర్టల్‌లో, జర్మనీకి సంబంధించినవి ఆ దేశపు విద్యా మార్పిడి సంస్థ డాడ్ (DAAD) వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

జీతం ఇచ్చే పరిశోధన స్థానానికి కన్సల్టెన్సీ అవసరం లేదు. డబ్బు తీసుకుని పీహెచ్‌డీ స్థానం ఇప్పిస్తామని చెప్పేవారు ఎవరైనా సరే, వారికి దూరంగా ఉండండి. పొలం తాకట్టు పెట్టి కట్టవలసిన ఫీజు ఈ దారిలో ఎక్కడా లేదు. సొంత ఖర్చుతో విదేశీ పీజీ, పీహెచ్‌డీ చదవవలసి వచ్చే ఎస్సీ విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వపు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది, బీసీ విద్యార్థులకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట అలాంటిదే మరొకటి ఉంది. రెండింటికీ కుటుంబ ఆదాయ పరిమితి వర్తిస్తుంది.

పోస్ట్‌డాక్

పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ తర్వాత కొంతకాలం ఒప్పందంపై చేసే పరిశోధన. థీసిస్ సమర్పించడానికి ఏడాది ముందే దాన్ని వెతకడం మొదలుపెట్టాలి. వైవా (థీసిస్‌పై మౌఖిక పరీక్ష) అయ్యాక చూద్దామనుకుంటే ఫెలోషిప్ ఆగిపోయి, కొత్త స్థానం రాక, మధ్యలో చాలా నెలలు ఖాళీగా గడుస్తాయి. దేశంలో ముఖ్యమైనది నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్. ఇంతకుముందు కేంద్ర ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ సెర్బ్ ఇచ్చేది, ఇప్పుడు అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ కిందకు వచ్చింది. కాలం రెండేళ్లు, గరిష్ఠ వయసు 35, మహిళలకు, రిజర్వుడు వర్గాలవారికి, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు. మన ప్రాంతంలో కొన్నేళ్లు కళాశాలల్లో పాఠాలు చెప్పి ఆ తర్వాత పీహెచ్‌డీలో చేరేవారు ఎక్కువ కాబట్టి ఈ వయోపరిమితిని ముందే లెక్కలో పెట్టుకోవాలి. వయసు దాటినవారికి ప్రాజెక్టుల్లోని రీసెర్చ్ అసోసియేట్ స్థానాలు ఉన్నాయి, వాటి ప్రకటనలు ఏడాది పొడవునా వస్తుంటాయి.

విదేశాలకు వెళ్లాలనుకునేవారికి జర్మనీ హంబోల్ట్ ఫౌండేషన్ ఫెలోషిప్, యూరోపియన్ యూనియన్ మేరీ క్యూరీ ఫెలోషిప్ ప్రసిద్ధమైనవి. హంబోల్ట్ పోస్ట్‌డాక్ విభాగానికి పీహెచ్‌డీ పూర్తయిన నాలుగేళ్లలోపు దరఖాస్తు చేయాలి. మేరీ క్యూరీకి వెళ్లదలచిన దేశంలో గడువు తేదీకి ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. రెండింటికీ ఆతిథ్యమిచ్చే ప్రొఫెసర్ ముందుగా అంగీకరించాలి, కాబట్టి మెయిల్ గురించి పైన చెప్పినదంతా ఇక్కడ రెట్టింపు శ్రద్ధతో పాటించాలి.

పోస్ట్‌డాక్‌ను పీహెచ్‌డీ చేసిన గైడ్ దగ్గరే కొనసాగించడం సులువైన దారి. నేనైతే వద్దంటాను. కొత్త పద్ధతి ఒకటి నేర్చుకోగలిగిన చోటికి వెళ్లాలి. తర్వాత అధ్యాపక నియామకాల్లో మీ స్వతంత్ర పని ఏదని అడిగినప్పుడు చూపడానికి అదే ఆధారమవుతుంది. ఇది శాశ్వత ఉద్యోగం కాదన్న సంగతి ఇంట్లోవారికి ముందే వివరించండి. రెండేళ్ల ఒప్పందం అంటే ఏమిటో తెలియక, ఇంత చదివీ ఉద్యోగం లేదా అన్న మాటతో కుంగిపోయే యువ పరిశోధకులు మన జిల్లాల్లో ఉన్నారు.

చేరేటప్పుడు

ఎంపిక లేఖ వచ్చాక అందులోని నియమాలన్నీ చదవండి. పాత విశ్వవిద్యాలయం నుంచి టీసీ, మైగ్రేషన్, ప్రొవిజనల్ సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోవాలి. కోర్సువర్క్‌లో కనీసం 55 శాతం రావాలి, అది పూర్తికాకుండా థీసిస్ సమర్పించడం కుదరదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రచనలతో పోలిక 10 శాతం వరకే అనుమతిస్తారు కాబట్టి మొదటి సంవత్సరం నుంచే చదివిన ప్రతి వ్యాసాన్నీ సొంత మాటల్లో రాసుకునే అలవాటు చేసుకోండి. నెట్ ద్వారా ఫెలోషిప్ పొందినవారికి సంస్థ నెలనెలా ధ్రువీకరిస్తేనే డబ్బు విడుదలవుతుంది. కాబట్టి మొదటి రోజునే ఆ పని చూసే గుమస్తా ఎవరో తెలుసుకుని బ్యాంకు ఖాతా, ఆధార్ వివరాలు ఇవ్వండి. తొలి విడత ఆలస్యంగా వచ్చే అవకాశం ఉంది, కనీసం మూడు నాలుగు నెలల హాస్టల్, భోజనం ఖర్చులు చేతిలో ఉంచుకోవాలి. ఫెలోషిప్ కాలాన్ని జాయినింగ్ రిపోర్టులోని తేదీ నుంచి లెక్కిస్తారు. ఆ రిపోర్టు రెండు ప్రతులు తయారుచేసి, ఒకదానిపై గైడ్ సంతకం, శాఖాధిపతి సంతకం, కార్యాలయ ముద్ర, అందిన తేదీ వేయించుకుని మీ దగ్గర భద్రపరచండి.